ఇష్టంగా పోయిందెవరు? వలసల రకాలపై దళిత దృష్టి

డిగ్రీ క్లాసుల్లో వలసల గురించి చెప్పే పాఠం ఎక్కడైనా ఒకే తీరుగా ఉంటుంది. మనుషులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయి బతకడం వలస. అది రెండు రకాలు: స్వచ్ఛంద వలస, నిర్బంధ వలస. చదువు కోసం, ఉద్యోగం కోసం, మంచి కూలి కోసం పోతే స్వచ్ఛందం. యుద్ధం, వరద, ప్రాజెక్టు తరిమితే నిర్బంధం. 1885లో రావెన్‌స్టీన్ బ్రిటన్ జనాభా లెక్కలు చూసి వలసలకు కొన్ని సూత్రాలు రాశాడు. 1966లో ఎవరెట్ లీ వాటిని ఇంకాస్త సాఫు చేసి, ఊరి నుంచి నెట్టే కారణాలు, పట్నం వైపు లాగే కారణాలు, మధ్యలో వచ్చే అడ్డంకులు అని విడదీశాడు. మన పిల్లలు పరీక్షల్లో ఇప్పటికీ రాస్తున్నది ఈ నెట్టుడు, లాగుడు సిద్ధాంతమే.

ఈ పాఠం తప్పని మేము అనడం లేదు, చాలదంటున్నాం. నెట్టింది కరువు అంటారు. సరే, అదే ఊళ్ళో అదే కరువులో బావి కింద పొలమున్న ఆసామి ఎందుకు కదల్లేదు? మాదిగవాడ సగం ఎందుకు ఖాళీ అయింది? లాగింది పట్నం అంటారు. మరి ఒకే పట్నం ఒకణ్ణి ఇంజనీరు కుర్చీలోకి, ఇంకొకణ్ణి మోరీలోకి ఎట్లా లాగింది? కులాన్ని పక్కన పెట్టి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేం.

వలసలో ఇష్టమెంత, బలవంతమెంత అన్నది తేలాలంటే మనిషి బస్సెక్కిన రోజు ఒక్కటే చూస్తే సరిపోదు. మూడు సంగతులు అడగాలి. ఊళ్ళోనే ఉండి బతికే వీలుందా? పిలిచినవాడికి రానని చెప్పే వీలుందా? పోయినాక తిరిగొచ్చే వీలుందా? ఈ మూడు ప్రశ్నలు చేతిలో పెట్టుకుని వలసల రకాలను వరసగా చూద్దాం.

కదలనివ్వని ఊరు

వలస కన్నా ముందు, కదలనివ్వకపోవడం గురించి మాట్లాడాలి. నిజాం రాజ్యంలో దొరల ఊళ్ళల్లో మాల మాదిగలతో పాటు సేవాకులాలన్నీ వెట్టి చేశాయి. అప్పు తీసుకున్న మనిషి ఆ అప్పు కింద ఆసామి దగ్గర కట్టుబడి ఉండటాన్ని భగేలా అనేవారు. ఈ భగేలా ఒప్పందాల మీద 1936లో ప్రభుత్వమే చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ కట్టు ఎంత గట్టిదో అర్థమవుతుంది. బ్రిటిష్ ఇండియాలో చట్టమే కూలికి ఎదురు నిలిచింది. 1859 నాటి 13వ చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకున్న కూలి పని వదిలిపోతే అది నేరం, మేజిస్ట్రేటు జైలుకు పంపవచ్చు. 1920ల దాకా ఆ చట్టం బతికే ఉంది. అంటే మనవాళ్ళకు తగిలిన మొదటి నిర్బంధం పొమ్మనడం కాదు, పోవద్దనడం.

సికింద్రాబాదును ఈ వెలుగులో చూడాలి. 1798 ఒప్పందం ప్రకారం నిజాం రాజ్యంలో దిగిన ఇంగ్లీషు పటాలానికి 1806లో ఈ కంటోన్మెంటు ఏర్పడింది. సికందర్ జా పేరు పెట్టారు గాని జనం నోట్లో అది లష్కర్. పటాలానికి వంటవాళ్ళు, గుర్రాలు చూసేవాళ్ళు, డోలీ మోసేవాళ్ళు, తోలుపని, పాకీపని చేసేవాళ్ళు కావాలి. 1874లో రైలు వచ్చాక పట్టాల మీద, వర్క్‌షాపుల్లో ఇంకా చేతులు కావాల్సి వచ్చాయి. లష్కర్ బోనాల కథలో కూడా ఈ వలస ఉంది. ఉజ్జయిని మహంకాళి గుడికి మూలపురుషుడని చెప్పుకునే సురిటి అప్పయ్య పటాలంలో డోలీ మోసినవాడు, ఆ పటాలం వెంటే ఉజ్జయిని దాకా పోయినవాడు.

ఊరి దొర మాట కంటోన్మెంటులో చెల్లదు. పనికి జీతం రొక్కంగా వస్తుంది. ఈ రెండూ దొరికిన చోట మనిషి తల ఎత్తుతాడు. జంటనగరాల్లోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం స్థాపించాడు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన తొలి ఆది ఆంధ్ర మహాసభకు ఇక్కడి నుంచి వెళ్ళి అధ్యక్షత వహించాడు. అరిగె రామస్వామి సికింద్రాబాదు కేంద్రంగా పనిచేశాడు. పి.ఆర్. వెంకటస్వామి ఈ ఉద్యమ చరిత్రను ఇంగ్లీషులో రాసి 1955లో సికింద్రాబాదులోనే అచ్చు వేయించాడు. వెట్టి చేసే ఊళ్ళో ఉండి ఇట్లాంటి సంఘం పెట్టగలిగేవారా? మన చరిత్రలో నిజంగా స్వచ్ఛంద వలస అనదగింది ఏదైనా ఉంటే ఇది అందులో ఒకటి. అగ్రకుల రచయితలు ఊరు వదిలామని కన్నీళ్ళు పెట్టుకున్న చోట మనవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. అంబేడ్కర్ పల్లెను కీర్తించడానికి ఒప్పుకోకపోవడం వెనక ఉన్నది ఈ అనుభవమే.

అట్లాగని లష్కర్ కులాన్ని కడిగేసిందని అనుకోవద్దు. పాకీపని ఎవరి చేతికి వచ్చిందో చూస్తే చాలు. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. ఊరు మారినా పని మారలేదు.

తరిమితే పోయినవాళ్ళు

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకుల భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. మిగిలినవాళ్ళు చీరాల చేరారు. తిరిగి ఆ ఊరికి పోమని తెగేసి చెప్పి, పోరాడి, చీరాలలోనే కొత్త వాడ కట్టుకున్నారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురైనప్పుడు జనం తెనాలి దారి పట్టారు. ఇది నిర్బంధ వలసే అని చెప్పడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు.

కానీ వీళ్ళను ఏమని పిలవాలి? 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం కాందిశీకుడు అంటే సొంత దేశపు సరిహద్దు దాటినవాడు. చీరాల పోవడానికి ఏ సరిహద్దూ దాటక్కర్లేదు. దేశం లోపలే చెదిరిపోయినవాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు తయారుచేసింది గాని అవి ఏ ప్రభుత్వాన్నీ కట్టిపడేసే చట్టం కాదు. మనకున్న ఆయుధం 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దళితుణ్ణిగానీ ఆదివాసీనిగానీ ఇల్లు, ఊరు విడిచిపోయేట్టు చేయడం ఆ చట్టం కింద మొదటి నుంచీ నేరమే. 2015 సవరణ సాంఘిక బహిష్కరణను కూడా నేరాల పట్టీలో చేర్చింది. కార్యకర్తలు కేసు పెట్టించేటప్పుడు కొట్టిన దెబ్బలే రాయించి, ఊరు విడిపించిన నేరాన్ని రాయించడం మరచిపోతుంటారు. వాడ ఖాళీ అయితే అది కూడా ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కాలి.

సర్కారు లేపేసిన ఊళ్ళు

మూడో రకం నిర్వాసితులు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ళను 1981లో సర్కారు దగ్గరుండి కూలగొట్టించింది. ఆ పనికి పెట్టుకున్న పేరే ఆపరేషన్ డెమాలిషన్. భూమి పోయినవాడి బాధ మేము తక్కువ చేయడం లేదు. కానీ 1894 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని భూమి మీద హక్కున్నవాడికే లెక్కగట్టింది. ఆ భూమిలో తరతరాలుగా నాట్లు వేసి కోతలు కోసిన కూలికి ఏ కాగితమూ లేదు, కాబట్టి పరిహారమూ లేదు. నీళ్ళు అందరి ఇళ్ళూ ముంచాయి, చట్టం కొందరి నష్టాన్నే చూసింది.

2013 చట్టం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. సేకరణకు ముందు మూడేళ్ళు ఆ ప్రాంతంలో పనిచేసి బతికిన కూలీలను, కౌలుదార్లను బాధిత కుటుంబాలుగా గుర్తించింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఇచ్చిన జీవో 123 మళ్ళీ భూమి ఉన్నవాడి దగ్గర నేరుగా కొనే దారి పట్టింది. మా బతుకు సంగతేమిటని మెదక్ జిల్లా కూలీలు హైకోర్టుకు పోయారు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. తర్వాత అప్పీళ్ళు, కొత్త ఉత్తర్వులు నడిచినా, భూమి లేనివాడు కూడా నిర్వాసితుడే అని కోర్టులో అడిగింది కూలీలే అన్నది గుర్తుంచుకోవాలి.

అడ్వాన్సు కట్టేసిన వలస

అసలు చిక్కు నాలుగో రకంతో. ఇక్కడ ఎవరూ కత్తి పట్టుకుని తరమరు. మనిషి తనే వేలిముద్ర వేస్తాడు, తనే మూట కట్టుకుంటాడు. అందుకే పుస్తకాలు దీన్ని స్వచ్ఛందం అంటాయి.

ఇది ఇవాళ్టిది కాదు. 1830ల నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నాటాల్‌కు, 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి మన కోస్తా జిల్లాల కూలీలు ఓడలెక్కారు. నాటాల్‌కు మొదటి ఓడ ట్రురో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఐదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంటు అనే మాట కూలీల నోట్లో గిర్మిట్ అయింది. ఓడ పట్టీల్లో పేరు, ఊరు, కులం రాసుకునేవారు. ఒప్పందం మధ్యలో పని మానితే జైలు. 1917లో ఈ కూలీల ఎగుమతి ఆగింది. మలయాకు, సిలోన్‌కు కంగాణీ, బర్మాకు మేస్త్రీ కూలీలను పోగుచేశారు. ఓడ ఛార్జీ, ఇంటికి ఇచ్చే అడ్వాన్సు మేస్త్రీయే పెడతాడు, తర్వాత జీతంలో కోసుకుంటాడు. కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను తెచ్చారు, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. ఆ మంట తెలుగు కూలీల మీదే పడి రక్తం పారింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలాది మంది అడవుల్లో కాలినడకన తిరుగుముఖం పట్టారు. పోయింది అప్పు మీద, వచ్చింది ప్రాణభయం మీద.

పాలమూరులో ఇదే పద్ధతి గుంపు మేస్త్రీ పేరుతో నడిచింది. పెద్ద మేస్త్రీ కాంట్రాక్టరు దగ్గర డబ్బు తెస్తాడు. గుంపు మేస్త్రీ ఊళ్ళో పంచుతాడు. పెళ్ళికో, జబ్బుకో, పాత అప్పుకో కూలి తీసుకుంటాడు. లెక్క మేస్త్రీ దగ్గరే ఉంటుంది. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టేచోటల్లా పాలమూరు లేబర్ అనే మాట పుట్టింది. పక్కనే కృష్ణ పారుతున్నా సొంత చేను ఎండిన జిల్లావాళ్ళు ఊరూరి చేలకు కాలువలు తవ్వారు.

ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల దళితులు, ఆదివాసీలు ఇదే దారిలో మన దగ్గరికి వస్తారు. పంటల పండుగ నువాఖాయి దాటాక సర్దారు అడ్వాన్సు పంచుతాడు. కాంటాబాంజి స్టేషన్‌లో రైలెక్కి జంటనగరాల చుట్టూ ఉన్న ఇటుక బట్టీలకు చేరతారు. మొగుడు, పెళ్ళాం, పిల్ల కలిసి ఒక పథురియా. అంటే అడ్వాన్సు లెక్కలోనే పిల్ల చేతులు కూడా అమ్ముడుపోయాయన్నమాట. సీజను అయ్యేదాకా కదలడానికి లేదు. ఒకప్పుడు మనవాళ్ళు రంగూనులో కోరంగీలు, ఇప్పుడు వాళ్ళు మన దగ్గర ఒరియా లేబర్. పేరు మారింది, మేస్త్రీ మారలేదు.

సగం ఇష్టం, పూర్తి ఇష్టం

తెలంగాణ వలసను జనం మూడు మాటల్లో చెప్పుకుంటారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. 1973లో చమురు ధరలు పెరిగాక తెరుచుకున్న గల్ఫు దారిలో కరీంనగర్, నిజామాబాదు మగవాళ్ళు, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు పోయారు. ఇక్కడ ఇష్టం లేదనలేం. ఇల్లు కట్టాలి, బిడ్డ పెళ్ళి చేయాలి, దొర ముందు చేతులు కట్టుకోకుండా బతకాలి అన్న కోరిక ఉంది. కానీ ఏజెంటుకు కట్టింది వడ్డీ డబ్బు. దిగాక వీసా కఫీల్‌కు కట్టుబడి ఉంటుంది. అతని దగ్గర పని వదిలితే మనిషి కల్లివెల్లి అవుతాడు, కాగితం లేనివాడవుతాడు. పోవడం ఇష్టంతో మొదలై, ఉండటం బలవంతంగా మారిన వలస ఇది.

1965 చట్టం తర్వాత తలుపు తెరిచిన అమెరికాకు పోయిన తెలుగువాళ్ళ సంగతి చూడండి. డెల్టా భూముల మిగులు కాలేజీ ఫీజుగా, విమానం టికెట్‌గా మారింది. నచ్చకపోతే తిరిగొచ్చి నిలబడటానికి ఇల్లుంది, పొలముంది. పూర్తి స్వచ్ఛంద వలస అంటే ఇదీ. వాళ్ళతో పాటు కులమూ విమానమెక్కింది కనకనే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది. మనకు ఆ స్వేచ్ఛ కొంతైనా దొరికింది వెల్ఫేర్ హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను ద్వారా. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మా వంటివాళ్ళం పట్నం వచ్చింది ఆ దారినే. ఆ దారికి కాపలా కాయడం కూడా వలస సమస్యలో భాగమే.

కోర్టు ఒప్పుకున్న మాట

వేలిముద్ర వేస్తే ఇష్టపడినట్టేనా? 1982లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో కూలీలకు కనీస వేతనం అందడం లేదని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రాటిక్ రైట్స్ వేసిన కేసు అది. జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: బలవంతం అంటే కొట్టడం, కట్టేయడం ఒక్కటే కాదు. ఆకలి, పేదరికం మనిషికి వేరే దారి లేకుండా చేసి కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయిస్తే అది కూడా బలవంతమే, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే.

ఈ తీర్పును మన విద్యార్థులు వలస పాఠం పక్కన పెట్టుకుని చదవాలి. స్వచ్ఛందం అని రాసుకున్న గడిలోని సగం జనాన్ని అది నిర్బంధం గడిలోకి మారుస్తుంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. పైఅంతస్తులో నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. వాళ్ళను ఎవరూ బీహారు నుంచి కట్టి తేలేదు. కానీ తుక్కు మీద పడుకోనని చెప్పగలిగే స్థితిలో ఉన్నవాడు అక్కడ పడుకుంటాడా?

ఆపడమూ నిర్బంధమే

మన సంఘాల కరపత్రాల్లో వలసలు ఆపాలి అనే నినాదం తరచూ కనబడుతుంది. దీన్ని మేము ఒప్పుకోలేం. కూలీలు పట్నం పోతే పొలం పనులు ఆగిపోతున్నాయని ఏడ్చేది ఎవరు? 2020 లాక్‌డౌన్ ఈ సంగతి బయటపెట్టింది. ఆ మే 1న దేశంలో మొదటి శ్రామిక రైలు సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి నుంచి సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. అదే వారంలో కర్ణాటక ప్రభుత్వం బిల్డర్లతో సమావేశమయ్యాక కూలీల రైళ్ళను రద్దు చేసింది. గోల లేచాకగానీ మళ్ళీ నడపలేదు. 1859 చట్టం చేసిన పని ఒక సాయంత్రపు నిర్ణయం చేసింది.

ఆపాల్సింది వలసను కాదు, కాదనలేని స్థితిని. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు కూలీలు దొరకడం లేదని ఆసాములు గగ్గోలు పెట్టారు. ఊళ్ళోనే పని దొరికితే కూలి రేటు అడగొచ్చు, మేస్త్రీకి రానని చెప్పొచ్చు. అయినా పట్నం పోవాలనుకున్నవాడు పోవచ్చు. అట్లా పోయినవాడే స్వచ్ఛందంగా పోయినవాడు.

లెక్కల్లో, చట్టాల్లో

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వలస వచ్చినవాళ్ళు 45 కోట్ల పైచిలుకు. ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు పని, వ్యాపారం, చదువు, పెళ్ళి, పుట్టాక మారడం, కుటుంబంతో రావడం, ఇతరం అని ఏడు గడులున్నాయి. అడ్వాన్సుకు గడి లేదు. వెలికి గడి లేదు. కారంచేడు మనిషి ఇతరం, బట్టీ కూలి పని.

చట్టాలదీ ఇదే వరస. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం కాంట్రాక్టరు ద్వారా రాష్ట్రం దాటినవాణ్ణే గుర్తించింది. పాలమూరు నుంచి సికింద్రాబాదు వచ్చిన కూలికి అది వర్తించలేదు, ఎందుకంటే రాష్ట్రం ఒక్కటే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక మేస్త్రీ వెంట వచ్చిన శ్రీకాకుళం కూలి రాత్రికి రాత్రి అంతర్రాష్ట్ర కూలి అయ్యాడు. 2020లో చేసి 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కోడ్ సొంతంగా వచ్చినవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకుంది గాని, అదీ రాష్ట్రం దాటినవాణ్ణే. ఇక రాష్ట్రం దాటిన ఎస్సీ, ఎస్టీలకు ఇంకో దెబ్బ. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ కులంలో పుట్టి చిన్నప్పుడే బొంబాయి చేరిన విద్యార్థికి అక్కడ రిజర్వేషను సీటు రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులం మనతో పాటు రైలెక్కుతుంది, సర్టిఫికెట్టు మాత్రం సరిహద్దులో దిగిపోతుంది.

కాబట్టి మనమే అడగాల్సిన ప్రశ్నలు మనం రాసుకోవాలి. వాడల్లో సర్వే చేసే విద్యార్థులు ఎందుకు వచ్చావు అని ఊరుకోవద్దు. అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, లెక్క ఎవరి పుస్తకంలో ఉంది? నీ ఊళ్ళో కూలి రేటెంత, ఈసారి రానంటే ఏమవుతుంది? ఇంట్లో చావు జరిగితే పోవడానికి ఎవర్ని అడగాలి? తిరిగిపోతే నిలబడటానికి నీ పేరు మీద గజం జాగా ఉందా? ఈ జవాబులు పేరు, తేదీ, మొత్తంతో రాసుకుంటే అవి 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం కింద కలెక్టరు ముందు పెట్టడానికి ఆధారాలవుతాయి. పాఠం చెప్పే టీచర్లు రెండు రకాల వలసలు బోర్డు మీద రాసినప్పుడు, వాటి కింద ఈ ప్రశ్నలు కూడా రాయాలని మా కోరిక.